మూత తియ్యని రోజు

కెంచుర్ ఇంకా పెన్సిలంత కూడా లేదు. అయినా నింగ్రుమ్ ప్రాణాలన్నీ ఆ పాముపిల్ల పొట్టలోనే ఉన్నాయి. ఆ పొట్టేమో ఖాళీగా ఉంది.

దాని తల్లి నింగ్రుమ్ పెళ్ళికి ముందు నుంచీ ఆమెతోనే ఉంది. జావా దీవిలో జోగ్జా ఊళ్ళోని అత్తవారింటికి ఆమె ఒళ్ళో పెట్టెలో కూర్చునే వచ్చింది. గోడల మీది బల్లులు తిని తిని, కడుపులో పురుగులు పడి చచ్చిపోయింది. అది పెట్టిన గుడ్లలో బతికి బయటపడింది ఇదొక్కటే. తల్లి పోలికేమో, ఇదీ బల్లి తప్ప మరోటి ముట్టనంది. సంతలో దొరికే, ఐసులో గడ్డకట్టించిన ఎలుకపిల్లల్నే తినిపించాలని నింగ్రుమ్ పంతం పట్టింది. పాముది అంతకంటే పెద్ద పంతం. దాని వెన్నెముక వీపు మీద గీతలా తేలింది. ఇంకో వారం ఇలాగే ఉంటే ఇదీ దక్కదు.

పాములు పెంచే తెగార్‌కి ఫోన్ చేసింది.

"రాలిపడిన బల్లితోకని కొన్నాళ్ళు ఐసులో ఉంచక్కా, పురుగు చస్తుంది. ఎలుకపిల్లని వేడినీళ్ళలో మెత్తబరిచి ఆ తోకతో బాగా రుద్దు. పామునీ దాన్నీ చీకటి డబ్బాలో పెట్టి మూత వెయ్యి. సాయంత్రం దాకా ముట్టుకోకు."

"మధ్యలో ఒక్కసారి చూస్తే?"

"నీ ఆత్రం తీరుతుంది. దానికి బెదురు పుడుతుంది. ఏది కావాలో నువ్వే చూసుకో."

తోకని మూడు రోజులు ఐసులో ఉంచి, మిగతాదీ అలాగే చేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. రవికె చెయ్యి తీసుకెళ్ళి మెడకి కుట్టింది. విప్పింది. లేచి డబ్బాకి చెవి ఆనించింది. పాము నమిలితే కదా చప్పుడు వినబడేది! తనని తనే తిట్టుకుని మళ్ళీ కూర్చుంది.

ఇంతలో పక్కింటి పిన్ని వచ్చింది. గడప తొక్కిన మనిషిని వద్దనడం ఆ వీధిలో బుద్ధెరిగినవాళ్ళెవరూ చెయ్యరు. "ఏదీ, తిన్నదా నీ కూతురు?" అని ఆవిడ అడిగితే, నవ్వుమొహం పెట్టుకుని మూత తీసింది. కెంచుర్ మూలకి ముడుచుకుంది. మర్నాడు మరో ఎలుకపిల్ల, రవికెల కోసం వచ్చిన ఆడవాళ్ళు, మళ్ళీ అదే నవ్వుమొహం, మళ్ళీ అదే మూత. మర్యాదే పాముని చంపేస్తోంది.

ఆ మరుసటి రోజు మూత వేసీ వెయ్యకముందే, రెండు సందుల అవతల ఉండే అత్తగారు సుమిరా దిగింది. చేతిలో సోయాగింజల టెంపే బజ్జీలు, వెంట నెలచీటీ స్నేహితురాళ్ళు.

"నింగ్రుమ్, వీళ్ళు నీ పాముని చూస్తారట. తియ్యమ్మా మూత."

నింగ్రుమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ వద్దత్తయ్యా. వెళ్ళిపోండి."

"ఏమన్నావు?"

"లోపలికి రావద్దన్నాను."

సుమిరా మొహం కందగడ్డలా అయింది. "పదండమ్మా! మన ఒంటికి బల్లి వాసన లేదుగా, మనల్నెందుకు రానిస్తుంది?"

కోడలు గెంటేసిందని, ఇక ఆ గడప తొక్కేవాళ్ళకి సిగ్గులేనట్టేనని, వీధి చివరి దాకా ఆ గొంతు వినబడుతూనే ఉంది. నింగ్రుమ్ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది కాబోలు, సాయంత్రం దాకా ఆ గుమ్మం ముందు పిట్ట వాలలేదు. ఇన్నాళ్ళూ కోడలు నోరు తెరిచి అడగలేని ఉపకారం అత్తగారి కోపం చేసిపెట్టింది.

పొద్దు వాలాక మూత తీసింది. ఎలుకపిల్ల లేదు. డబ్బా నాలుగు మూలలూ వెతికింది. ఎక్కడా లేదు. కెంచుర్ నడుము దగ్గర చిన్న ఉబ్బు ఉంది. నింగ్రుమ్ తలముసుగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత అత్తగారింటికి పరుగెత్తింది.

సుమిరా అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"తప్పయిపోయింది అత్తయ్యా."

"తిన్నదా?"

"తిన్నది."

"నువ్వో?"

నింగ్రుమ్‌కి పొద్దుట నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

సుమిరా చేట పక్కకి నెట్టి లేచింది. "లోపలికి రా, ముందు అన్నం తిను. నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది. మధ్యలో కళ్ళు తిరిగి పడిపోతే నాకు తిట్టినట్టుండదు."