వాంతుల సూది

ఈ ఒక్కసారికి వస్తాను, ఆ తర్వాత నన్ను నరికినా నెల్లూరు రానని కామమ్మ ఇంట్లోనే తేల్చి చెప్పేసింది. రొమ్ములో కేన్సర్ గడ్డకు ఇంకా మందు ఎక్కించాల్సింది మిగిలే ఉంది. మధ్యలో మానేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు భయపెట్టాడు. పోతే పోయిందిలే అంది. ఓపిక అన్నది ఆమె ఒంట్లో ఎక్కడా లేదు.

ఆమె విసిగిపోయింది వాంతులతో. పుట్టినప్పటి నుంచి చేపల మధ్యే బతికిన మనిషి. బస్సులో ఎవరైనా ముక్కు మూసుకుంటే గంప దించి మరీ పోట్లాడేది. అలాంటి కామమ్మకు ఇప్పుడు చేప వాసన తగిలితే చాలు, పేగులు నోట్లోకి వస్తున్నాయి. పోయిన విడత మందు ఎక్కించుకుని ఇంటికెళ్ళిన రోజు, మొగుడు చిన్నపోలయ్య వేట నుంచి నేరుగా వచ్చి నుదుటి మీద చెయ్యి వేశాడు. అంతే, అతని మీదే కక్కేసింది. దూరంగా పొమ్మని తోసేసింది కూడా. పాపం, ఆ మనిషి చాప చంకన పెట్టుకుని పడవ దగ్గరికి పోయాడు. అప్పటి నుంచీ పడక అక్కడే. కట్టుకున్నవాణ్ణి గడప దాటించిన మందుతో బతికి ఏం బావుకోవాలని ఆమె బాధ.

ఆస్పత్రిలో నర్సు కరుణాకుమారి అసలు మందు కంటే ముందు సెలైన్ గొట్టంలోకి ఒక సూది మందు ఎక్కించింది.

"ఇది వాంతులకమ్మా. మింగిన మాత్రలన్నీ కక్కేస్తా ఉండావు గదా, అందుకని నరంలోకే ఇస్తా ఉండాం."

"ఏదో ఒకటి చెయ్యి తల్లీ," అని కామమ్మ కళ్ళు మూసుకుంది.

అసలు మందు సీసా సగానికి దిగింది. కడుపు తిప్పలేదు. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. బస్సులో దూరంగా వెనక సీట్లో కూర్చుని వచ్చి, ఆస్పత్రి గేటు దగ్గరే ఆగిపోయిన మొగుడు గుర్తొచ్చాడు. పిలిపించింది.

చిన్నపోలయ్య తలుపు దగ్గరుండగానే గదంతా ఘాటు వాసన కమ్మేసింది. కామమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, లాభం లేకపోయింది. నర్సు బేసిన్ అందించేలోపే భళ్ళున కక్కింది. చిన్నపోలయ్య మొహం మాడిపోయింది. వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

"నిలబడు మావా. ఏం పూసుకున్నావు?"

"సెంటు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మొన్న కోట బజార్లో కొన్నా. సబ్బుతో ఎంత రుద్దినా చేప వాసన పోలేదు మే. నీకు పడదు గదా అని సీసా అంతా పోసుకున్నా."

కామమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ ఓపిక చాల్లేదు.

"పెళ్ళినాడు గూడా పూసుకోలేదు గదయ్యా నువ్వు. పోయి కడుక్కోని రా."

కొళాయి కింద కూర్చుని ఒళ్ళంతా కడుక్కుని, తడి బనీనుతో తిరిగొచ్చాడు. మంచానికి దూరంగానే నిలబడ్డాడు. ఆమె దగ్గరికి రమ్మని, అతని చెయ్యి తీసుకుని ముక్కుకు ఆనించుకుంది. సెంటు పోయింది. ఉప్పు, వల, చేప, ఎప్పటి వాసనే. కడుపు తిప్పుతుందేమోనని కాసేపు చూసింది. తిప్పలేదు.

"మళ్ళీ ఎప్పుడు రావాలో ఆ అమ్మాయిని అడుగు," అంది చెయ్యి వదలకుండా. "ఇంటికి పోతానే ఆ చాప తెచ్చి నా పక్కన వేసుకో."