సర్దుబాటుగారి ఆఖరి ఎజెండా

చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఆయన ఆ రోజు సభా కార్యక్రమాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాడు. పలచటి మనిషి. కాస్త వంగిన మెడ, జేబు దగ్గర ఎప్పుడూ వదలని సిరా మరక. ఏ సభ్యుడు పెళ్ళని వచ్చినా, ఏ మంత్రి ప్రయాణమని వచ్చినా "చూద్దాం, సర్దుదాం" అంటాడు కనక చట్టసభ కార్యాలయంలో అందరికీ సర్దుబాటుగారయ్యాడు. అలా సర్దినప్పుడల్లా వెనక్కి జరిగేవి మాత్రం బిల్లులే.

సమావేశాలకి అది చివరి రోజు. ఆయన ఉద్యోగానికీ అదే చివరి రోజు. సాయంత్రం నాలుగింటికి చిన్న హాల్లో వీడ్కోలు సభ పెట్టారు.

సభాపతి పిలిపించింది. "షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు బిల్లు ఉంది కదా. ఇవాళ దాటితే ఎన్నికలొస్తాయి, మురిగిపోతుంది. ఓ రెండు గంటలు దొరుకుతాయంటారా?"

ఆయన భార్యది బట్టల షాపులో పని. పొద్దస్తమానం నిలబడే ఉంటుంది. ఇంటికొచ్చాక ఆమె పిక్కల మీద ఉబ్బిన నీలం నరాలకి మందు రాసేది ఆయనే.

"చూద్దాం" అన్నాడు.

పాలకపక్షం విప్ అప్పటికే ప్రయాణం బ్యాగు సర్దుకుని కూర్చున్నాడు. "మధ్యాహ్నం కాగానే మావాళ్ళంతా రైలెక్కేస్తారండీ. ఎవర్నని ఆపను?"

"రాత్రి రైలుకి మార్పిస్తాను. టికెట్ల సంగతి నాకొదిలేయండి."

ప్రతిపక్షం విప్ కళ్ళద్దాల మీదుగా చూసింది. "ధరల మీద మా చర్చ కోసేసి బిల్లు పెడతారా?"

"ఒక్క నిమిషం కూడా కోయనమ్మా, ముందుకి జరుపుతాను. భోజనాల విరామమే సగం చేస్తాను."

"మంచిదే. ఆకలి మీదుంటే మావాళ్ళు ఇంకా బాగా అరుస్తారు" అని నవ్వి, సరే అంది.

అయినా బిల్లు పూర్తయ్యేసరికి సాయంత్రం అవుతుంది. వీడ్కోలుకి రావలసిన, సభలో మాటలు రాసుకునే రిపోర్టర్లూ టైపిస్టులూ అందరూ సభలోనే ఉండాలి. ఆయన పెన్సిలు తీసి, చిన్న హాలు తలుపుకి అంటించిన కాగితం మీద తన వీడ్కోలుని అడ్డంగా కొట్టేశాడు. నలుగురూ చెప్పే ఆ నాలుగు మంచి మాటలు వినాలని ఆయనకీ ఉంది. లేదని ఎందుకనాలి?

సాయంత్రం వరండాలో నిలబడి, గోడకున్న మైకులో ఓటింగు విన్నాడు. కాదన్న గొంతులు కొన్ని. ఔనన్నవి గోడలదిరేలా వినిపించాయి. సొరుగు తాళంచెవి పక్కసీటామె బల్ల మీద పెట్టి, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

షాపు బయటికొచ్చిన భార్య, ఆయన ఖాళీ చేతులకేసి చూసింది.

"ఎలా జరిగిందండీ మీ సన్మానం?"

"వాయిదా పడింది."

"ఎప్పటికి?"

"నిరవధికంగా."

ఆమె ముఖం చిన్నబోయింది. అప్పుడు బిల్లు సంగతి చెప్పాడు. ఇంకా పై సభ ఉందనీ, అమలు తేదీ ప్రకటించాలనీ కూడా దాచకుండా చెప్పాడు.

"అయితే మాకు స్టూళ్ళు వేస్తారన్నమాట."

"వేయక చస్తారా."

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. యజమాని చూస్తుండగానే షాపు మెట్టు మీద కూర్చుని, కాస్త జరిగి ఆయనకీ చోటిచ్చింది. ఇద్దరూ కాళ్ళు చాపుకుని వీధి దీపాలు వెలిగేదాకా అక్కడే కూర్చున్నారు.

చిన్న హాల్లో, ఆయన కోసమని ఎవరో సభాపతి గదిలోంచి మోసుకొచ్చిన ఎత్తు వీపు కుర్చీ, తలుపు వైపు తిరిగి అలాగే ఉండిపోయింది.