పచ్చజెండా

రైలుపెట్టెల షంటింగులో తలకు దెబ్బ తగిలి ఏడు నెలలైనా, రైలు గార్డుగా ఉన్న నా కొడుకు సూరికి భార్య పేరు కూడా గుర్తు రాలేదు. రోజూ వాడి పచ్చ, ఎర్ర జెండాలు రెండూ చేతికిచ్చి ఏది దేనికని అడిగేదాన్ని. జారవిడిచేవాడు.

ఆ రోజు కోడలు దాలమ్మను పుట్టింటివాళ్ళు విజయనగరం తీసుకుపోతున్నారు. రాయ్‌పూర్ స్టేషన్లో, రైలు కిటికీలోంచి అది సూరి చెయ్యి పట్టుకుంది.

"ఒక్కపాలి పేరెట్టి పిలు మావా. దిగిపోతాను."

వాడు నవ్వాడు.

"దాలమ్మ అనరా నాయినా, చాలు," అన్నాను.

ఇంజను కూసింది. సూరి చెయ్యి విడిపించుకుని, స్టేషను చూస్తే గుర్తొస్తుందేమోనని నేను సంచిలో తెచ్చిన పచ్చజెండా లాగి, వణక్కుండా చాచి పట్టుకున్నాడు. ఏడు నెలల్లో వాడు తప్పు లేకుండా చేసిన మొదటి పని అది.

బండి కదిలిపోయింది. జెండా దించమని నేను చెప్పలేకపోయాను.