ఫోన్లో చెప్పిన మాట

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. ముందుగదిలో మోకాళ్ళకి నూనె రాసుకుంటూ అమ్మమ్మ. వంటగదిలో కారుతున్న కుళాయిని విప్పేసి, మళ్ళీ బిగించడం రాక తిట్టుకుంటున్న బాబాయి. తన ఆఫీసు గదిలో లాప్‌టాప్ ముందు పిన్ని. ఆ గది గుమ్మం పక్కన బట్టలు మడతపెడుతూ నేను.

పిన్ని లాయరు. నల్లకోటు వేసుకోదు, కోర్టుకి వెళ్ళదు. ఒకే కంపెనీలో ఉద్యోగం. వాళ్ళు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో చెప్పడమే పని. "జీతం ఇచ్చేదీ వాళ్ళే, వద్దని చెప్పాల్సిందీ వాళ్ళకే," అని నవ్వింది, సెలవులకి నేను వచ్చిన కొత్తలో.

"వాళ్ళకి ఫోన్లో చెప్తుంది, నాకు మొహం మీదే చెప్తుంది," అన్నాడు బాబాయి.

ఇప్పుడు ఇద్దరూ నవ్వడం లేదు. కంపెనీ గోడౌన్లో నిప్పంటుకుంది. వెనక తలుపుకి తాళం వేసి ఉంది. పెట్టెలు సర్దే ఇద్దరు ఆడవాళ్ళు బయటికి రాలేకపోయారు. అప్పటినుంచి పిన్ని అన్నం కలుపుతుంది గానీ తినదు. కలిపిన చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చుంటుంది.

ఆ ఉదయం కంపెనీ తన లాయర్లందరికీ మనసు తేలికపడడానికని ఒక క్లాసు పెట్టించింది. లాప్‌టాప్‌లోంచి తియ్యటి గొంతు వస్తోంది. "కళ్ళు మూసుకోండి. భుజాలు వదలండి. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి."

"ఊపిరి తీసుకోవడం కూడా నేర్పిస్తారా ఏంటే?" అంది అమ్మమ్మ. "పుట్టగానే కెవ్వుమని అదే తీసుకుంది. నేనేం నేర్పలేదు."

"మెల్లగా అత్తయ్యా, వాళ్ళకి వినిపిస్తుంది," అన్నాడు బాబాయి.

పిన్ని కళ్ళు మూసుకునే ఉంది. బల్లమీద ఫోను గిజగిజలాడుతూనే ఉంది.

క్లాసు అవగానే అదే కుర్చీలో మీటింగు. తలుపు ఓరగా ఉంది. కంపెనీ పెద్దసారు గొంతు నాకు తెలుసు. నేను వచ్చిన కొత్తలోనే ఒకరోజు పిన్ని కూరగాయలు తరుగుతూ, ఫోను స్పీకర్లో పెట్టి ఆయనతో మాట్లాడింది.

"లోపల మనుషులుండగా వెనక తలుపుకి తాళం వేయకూడదు సార్. దొంగతనాల సంగతి ఇంకోలా చూద్దాం. ఇదే మెయిల్లో పెడతాను."

"ఇలాంటివి రాతలో పెట్టకమ్మా, రేపు మన మెడకే చుట్టుకుంటాయి. ఫోన్లో చెప్పావుగా, నేను చూసుకుంటా."

పిన్ని మెయిల్ పెట్టలేదు. ఇలాంటివి రాతలో పెట్టకపోవడం వాళ్ళ ఉద్యోగంలో మామూలేనట.

ఇప్పుడు మళ్ళీ అదే గొంతు. "విచారణాధికారికి సాయంత్రంలోగా జవాబు వెళ్ళాలమ్మా. తాళం గురించి మన లీగల్ విభాగం నుంచి ఎలాంటి హెచ్చరికా రాలేదని రాయి."

"చెప్పాను సార్."

"ఎక్కడ? ఒక్క ముక్క చూపించు."



మీటింగు అయ్యాక బాబాయి చేతిలో పానాతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మానెయ్. ఇవాళే మానెయ్. ఏదో ఒకటి తిని బతుకుదాం."

"నేను మానేస్తే పక్క సీట్లో అబ్బాయి రాస్తాడు. రాసేది ఆ వాక్యమే."

"నువ్వు రాయకపోతే చాలదా?"

"చాలితే వాళ్ళిద్దరూ లేచొస్తారా అండీ?"

బాబాయి మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను టీ పెట్టాను. మా ఊరి బడిలో లేచి జవాబు చెప్పాలంటేనే నాకు భయం. అయినా వంటగది నుంచి ఆ గుమ్మందాకా చెప్పాల్సిన మాట మనసులో వల్లెవేసుకుంటూ వెళ్ళాను.

"పిన్నీ, ఆ రోజు నువ్వు తాళం వద్దన్నావు. నేను విన్నాను. ఎవరడిగినా చెప్తాను."

ఒక్క క్షణం పిన్ని మొహం పాత పిన్ని మొహంలా అయింది. అంతలోనే బిగుసుకుంది. "ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. కంపెనీకి నేను చెప్పింది కంపెనీదేనమ్మా. బయటపెట్టే హక్కు నాకే లేదు. నువ్వు వినేలా మాట్లాడడం నా తప్పు. నువ్వు వెళ్ళి చెప్తే కంపెనీ వాళ్ళు నిన్ను అబద్ధాలకోరని నిరూపించాలని చూస్తారు. ఏమేం అడిగితే నువ్వు తడబడతావో వాళ్ళకి రాసివ్వాల్సింది ఎవరనుకున్నావు? నేనే."

"మరి వాళ్ళిద్దరు?"

పిన్ని లాప్‌టాప్ వైపు తిరిగింది. ఆమె భుజం మీదుగా చూశాను. తెరమీద ఆ వాక్యం అప్పటికే ఉంది.

టీ గ్లాసు మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. నా భుజం మీద అరచెయ్యి ఆనించి, నన్ను గుమ్మం అవతలికి మెల్లగా జరిపింది. తలుపు వేసింది. తర్వాత గడియ కూడా పెట్టుకుంది.