చలి తగలని బండి

పాత క్యాలెండరు కాగితాన్ని గరాటులా చుట్టి, కొనని ట్యాంకు మూతిలో దూర్చి, పొదుపు బాబాయి డబ్బాని మెల్లగా వంచాడు. పెట్రోలు గుటగుటమంటూ లోపలికి దిగింది. షెడ్డులోకి ఇంకా ఎవరూ రాలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చివరి చుక్క దాకా వంచి, మూత బిగించి, డబ్బాని సీటు వెనక గోనెసంచి కిందికి తోసేశాడు. ఆఫీసు బండిలోంచి పెట్రోలు తీసే డ్రైవర్లు లోకంలో కావలసినంతమంది ఉంటారు. ఆఫీసు బండిలో సొంత పెట్రోలు పోసే మహానుభావుడు మాత్రం ఈయనొక్కడే అయ్యుంటాడు. అయినా దొంగతనం చేసేవాడిలాగే అటూ ఇటూ చూసుకున్నాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఆయన రక్తపరీక్షల ల్యాబు బండి నడుపుతున్నాడు. ఊళ్ళో ఒక సగం క్లినిక్కులు ఆయన వంతు. ప్రతి క్లినిక్కు దగ్గరా ఇంజిను ఆపాలి, నమూనాల పెట్టె ఎక్కించుకోవాలి, మళ్ళీ కదలాలి. బ్రేకు అవసరం రాకుండానే బండిని ఆపగలడనీ, చుక్క వృథా కానివ్వడనీ పేరు. అందుకే చిన్నా పెద్దా అందరూ పొదుపు బాబాయి అంటారు. ఆ పేరు వింటే ఇంట్లో భార్యకి నవ్వాగదు. "స్నానాలగదిలో లైటార్పడం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి చెయ్యలేదు, పొదుపట పొదుపు!" అంటుంది. ఆవిడ ఏమన్నా ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

వేసవిలో కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, లెక్కంటే పిచ్చి. శనివారం శనివారం ప్రతి బండి ట్యాంకూ నిండా నింపించి, ఏది లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో చార్టు గీసి గోడకి అంటించేవాడు. వేసవంతా బాబాయి బండి పదిహేనుతో అందరికన్నా పైన ఉంది. చలి మొదలయ్యాక పదమూడు అయింది, తరవాత పదకొండు. ఎవరూ ఒక్క మాట అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికెవడో. ఇక్కడ గుమ్మడికాయ మాట కూడా ఎవరూ ఎత్తలేదు, ఈయనే భుజాలు దులుపుకోవడం మొదలుపెట్టాడు. వయసు మీద పడి కాలు బరువెక్కిందేమో, పనితనం పోయిందేమో అనుకున్నాడు. ఆ పదకొండు అంకె కింద తన పేరు చూసినప్పుడల్లా అందరి ముందూ పంచె ఊడినంత సిగ్గేసేది. అప్పుడే తన సొంత స్కూటరు ట్యాంకు మీద దృష్టి పడింది. రోజుకి రెండు లీటర్లు. నెల తిరిగేసరికి చార్టులో మళ్ళీ పదిహేను.

బంకుకి వెళ్ళి ట్యాంకు నింపుకు రావడానికి తప్ప, స్కూటరు ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆయన నడిచి వస్తున్నాడు.

"మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు చెప్పాడా, మీకు మీరే చెప్పుకున్నారా?" అని భార్య నిన్న కూడా అడిగింది. ఆయన మఫ్లరు చెవుల మీదికి లాక్కుని, వినపడనట్టు వచ్చేశాడు.

ఈ రోజు మొదటి తిరుగుడు పూర్తిచేసి వచ్చేసరికి చార్టు ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. సూపర్‌వైజరు, మెకానిక్కు, ఊళ్ళో రెండో సగం క్లినిక్కులు తిరిగే డ్రైవరు. ఈ రెండో డ్రైవరుది నోట్లో నాలుక లేని స్వభావం. అడిగితేనే పలుకుతాడు, అదీ సగమే. షెడ్డులో అతనికి సైలెన్సరని పేరు. కాంట్రాక్టు మనిషి. తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నాలు బాబాయి అన్నం డబ్బా, అతని డబ్బా ఒకే బెంచీ మీద తెరుచుకుంటాయి.

"పదకొండు, పదకొండున్నర, పన్నెండు," సూపర్‌వైజరు చార్టు మీద పెన్నుతో తడుతున్నాడు. "వేసవిలో ఇదే బండి పద్నాలుగిచ్చింది. మిగతా పెట్రోలు ఎటు పోతోంది?"

సైలెన్సరు తల దించుకుని టోపీ నలుపుతున్నాడు. మెకానిక్కే అందుకున్నాడు.

"చలికి ఏ బండైనా ఎక్కువ తాగుతుంది సార్. ఇంజినాయిలు చిక్కబడుతుంది, లోపల భాగాలు తొందరగా కదలవు. ఇంజిను వేడెక్కేదాకా పెట్రోలు ధారాళంగా పడుతుంది. అది వేడెక్కేలోపే వీళ్ళు ఆపేస్తారు, పెట్టె ఎక్కించుకునేలోపు మళ్ళీ చల్లారుతుంది. టైర్లలో గాలి తగ్గుతుంది. పైగా హీటరు, అద్దాల మీద మంచు కరగడానికి ఇంకో మీట. హైవే మీద పోయే బండ్లకి ఇంత తేడా రాదు. వీళ్ళది ఊళ్ళో తిరుగుడు కదా, వీళ్ళకే ఎక్కువ."

బాబాయి గుండెల మీంచి బండరాయి దింపినట్టయింది. కాలు బరువెక్కలేదు. పనితనం పోలేదు. అది చలి, అంతే! ఇరవై ఆరేళ్ళలో ఎవరూ అంకె వేసి అడక్కపోవడం వల్ల తనకీ తెలియలేదు. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

"సరే, చలే అనుకుందాం," సూపర్‌వైజరు పెన్ను పైగీతకి జరిపాడు. "అదే ఊరు, అదే తిరుగుడు, అదే రకం బండి. బాబాయిది పదిహేను. మరి ఆ బండికి చలి వెయ్యదా?"

ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. తేలు కుట్టిన దొంగంటే ఏమిటో బాబాయికి ఆ క్షణంలో తెలిసింది. నొప్పికి అరవనూ లేడు, ఊరుకోనూ లేడు.

"నేను... కాస్త మెల్లగా నడుపుతాను సార్," అన్నాడు.

మెకానిక్కు ఆయన్ని వింతగా చూశాడు. సూపర్‌వైజరు సైలెన్సరుతో, "సాయంత్రం దాకా టైమిస్తున్నాను. తీశానని రాసిచ్చావంటే పోలీసుల దాకా పోనివ్వను. పని మానేసి వెళ్ళిపోవచ్చు," అన్నాడు.

మధ్యాహ్నం బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. సైలెన్సరు తన డబ్బాలో సగం అలవాటుగా ఆయన మూతలోకి తోశాడు.

"నీకెలా వస్తోందన్నా పదిహేను? నాకూ చెప్పవా, నేర్చుకుంటాను."

అందులో వెటకారం ఇసుమంతైనా లేదు. నిజంగానే నేర్చుకుందామని అడిగాడు. అతను తిట్టినా బాగుండేది.

"క్లచ్చు... క్లచ్చు మెల్లగా వదలాలిరా," అన్నాడు బాబాయి. సైలెన్సరు బుద్ధిగా తలూపాడు.

రెండో తిరుగుడంతా ఆయనకి దారి కనపడలేదు. ఒక క్లినిక్కు దాటి ముందుకెళ్ళిపోయి, నర్సు కేకేస్తే వెనక్కి వచ్చాడు. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. చెబితే ఏమవుతుంది? ఉద్యోగం పోదు. నవ్వుతారు. షెడ్డంతా, క్లినిక్కులన్నీ, చివరికి ఇంటావిడ కూడా కడుపు పట్టుకుని నవ్వుతుంది. ఆ నవ్వుకి జడిసి ఒకడి అన్నం తీస్తున్నానా అని తనని తానే తిట్టుకున్నాడు. బండి షెడ్డులో పెట్టి, తిన్నగా సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళాడు.

"సార్, నా బండి కూడా పదకొండే ఇస్తోంది. రోజూ రెండు లీటర్లు నేనే పోస్తున్నాను. మా స్కూటర్లోది."

సూపర్‌వైజరు ఆప్యాయంగా నవ్వాడు.

"అతన్ని కాపాడాలని ఎంత మాటైనా అనేలా ఉన్నారే! మీ మనసు నాకు తెలుసు బాబాయ్. సొంత పెట్రోలు ఆఫీసు బండిలో ఎవరైనా పోస్తారా, చెప్పండి?"

కిటికీలోంచి ఆయన బండి కనబడుతోంది. సీటు వెనక, గోనె కింద డబ్బా ఉంది. ఇరవై అడుగుల దూరం. ఉండండి సార్, తెచ్చి చూపిస్తాను అనాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మరి... మీ ఇష్టం సార్," అన్నాడు.

నమ్మలేదు, నా తప్పేముంది, చెప్పాను కదా అని లోపల ఏదో తేలిక పడింది. ఆ తేలికని గుర్తుపట్టగానే ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది. గడప దగ్గర ఆగాడు, వెనక్కి తిరగబోయాడు, తిరగలేదు. ఇరవై ఆరేళ్ళ పేరు మెడ పట్టుకుని బయటికి నడిపించింది.

షెడ్డులో మెకానిక్కు ఒక్కడే చేతులు తుడుచుకుంటున్నాడు.

"సైలెన్సరేడిరా?"

"వెళ్ళిపోయాడు బాబాయ్. తాళాలు మేకుకి తగిలించాడు, టోపీ పెట్టుకున్నాడు, పోయాడు. రాసివ్వను, తియ్యలేదు అన్నాడు. అంతే. నీకు చెప్పమన్నాడు, క్లచ్చు మెల్లగా వదిలి చూశాడట, బాగుందట."

బాబాయి పరుగులాంటి నడకతో గేటు దాకా వెళ్ళాడు. రోడ్డు మీద మంచు దిగుతోంది. బస్సొకటి మలుపు తిరిగింది. అందులో అతనున్నాడో లేడో తెలియలేదు. అతని ఇల్లెక్కడో తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదని అప్పుడు తెలిసింది.

వెనక్కి వచ్చేసరికి, సైలెన్సరు బండిని లోపల పెట్టమని మెకానిక్కు తాళాలు చేతిలో పెట్టాడు. బాబాయి ఆ బండి ముందుకొచ్చి ఆగిపోయాడు. ముందరి జాలీ మీద ఏదో కట్టి ఉంది.

"రేడియేటరుకి చలిగాలి కొట్టకుండా," అన్నాడు మెకానిక్కు వెనకనుంచి. "ఇంజిను తొందరగా వేడెక్కే ఉపాయం చెప్పమని నా ప్రాణం తోడేశాడు. చెబితే కూర్చుని తనే కుట్టుకున్నాడు."

మందుల పెట్టె అట్టని జాలీ కొలతకి సరిగ్గా కోసి, అంచులు చినగకుండా చుట్టూ గోనెదారంతో దగ్గర దగ్గరగా కుట్టి, నాలుగు మూలలా బూటు తాళ్ళతో కట్టాడు. అట్ట మీద ఓ మూల పెన్సిలు రాత ఉంది. పదకొండు, పదకొండున్నర, పన్నెండు. పన్నెండు కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.