కిటికీ మూసిన పూట

ఇన్స్పెక్టరు ఆ పూటే వస్తున్నాడని తెలిసినప్పట్నుంచి ప్రేమమ్మకు కాలు నిలవటం లేదు. ముప్పాళ్ళ దగ్గర పల్లెలో ఆ మిషన్ బడికి ఆమె ఒక్కతే పంతులమ్మ. ట్రైనింగు ముగించుకుని వచ్చి రెండేళ్ళయినా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తూ, మధ్యమధ్య గుమ్మందాకా పోయి బాట వంక చూసి వస్తోంది.

అందరూ గొంతెత్తి అరుస్తుంటే సారమ్మ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఏమే! ఏడో ఎక్కం చెప్పు."

పిల్ల లేచి నిలబడింది. "గంగమ్మ నాయనమ్మ ఇంకా మేకను విప్పలేదండీ."

తరగతి గొల్లుమంది. ప్రేమమ్మ దాని అరచేతి మీద బెత్తంతో ఒక్కటిచ్చి, విసురుగా కిటికీ రెక్కలు మూసేసింది.

మూసినా మేక అరుపు ఆగలేదు. పొద్దున్నించీ అరుస్తూనే ఉందని ఆమెకు అప్పుడు తట్టింది. బడి పక్కింటి గంగమ్మ ఒంటరిది, తెల్లారకముందే మేకను తోలుకుని గట్ల మీదికి పోయే మనిషి. ప్రేమమ్మ బోర్డు మీద ఒక లెక్క రాసింది, తుడిచింది, మళ్ళీ అదే రాసింది. ఇంతలో ఆయన వచ్చేస్తే?

బెత్తం బల్ల మీద పడేసింది. "సారమ్మా, రా."

గంగమ్మ దొడ్లో రోలు పక్కన పడి ఉంది. తుంటి విరిగింది, నాలుక పిడచగట్టింది. సారమ్మ పరుగున నీళ్ళు తెచ్చి పట్టింది. ఎదురింటి అంకమ్మరావు బండి కట్టి, ముసలమ్మను మంచంతో సహా ఎక్కించుకుని నరసరావుపేట ఆసుపత్రికి తోలాడు.

బడికి తిరిగొచ్చేసరికి కుర్చీలో ఇన్స్పెక్టరు. పిల్లలు బిక్కచచ్చి కూర్చున్నారు.

"తరగతి గాలికొదిలేసి ఎక్కడికమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన వింటూనే గడియారం చూసుకున్నాడు. "మంచి పనే. కానీ ఇది బడి. ఈసారికి నీ ఉద్యోగం ఖాయం చేయమని రాయలేను," అంటూ లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ప్రేమమ్మ సారమ్మ ఇంటికి పోయింది. తల్లి కోటమ్మ కంగారుగా ఎదురొచ్చింది.

"ఏందండీ, ఏం చేసింది మా పిల్ల?"

"అదేం చేయలేదు. నేనే కొట్టాను."

"కొట్టండి! ఇంట్లో కూడా ఇంతేనండీ. దిక్కులు చూస్తా కూచుంటది, పిలిస్తే పలకదు."

"ఇయ్యాల అది పిలిస్తే నేను పలకలేదు, కోటమ్మా."

కోటమ్మ ఏమీ బోధపడకపోయినా పీట వాల్చింది. ప్రేమమ్మ కూర్చుని సారమ్మను దగ్గరికి పిలిచింది.

"పొద్దున ఇంకా ఏమేం చూశావే?"

పిల్ల అనుమానంగా తల్లి వంక చూసి, మెల్లగా చెప్పటం మొదలుపెట్టింది.