తైమి అత్త కత్తికి మొన తీసేసిన కమ్మరి

శనివారం వేట మొదలయ్యేలోపు మా ఇంట్లో కావలసిన పనులు ఇవి: తోలు ఒలిచే కొట్టం నేల కడగాలి. కొక్కేల తుప్పు గీకాలి. చారు కోసం బఠానీలు నానేయాలి. వేటగాళ్ళు తొడుక్కునే నారింజ రంగు చొక్కాలు ఉతకాలి. అన్నిటికంటే ముందు తైమి అత్తకు కొత్త కత్తి చేయించాలి.

మా ఉత్తరదేశపు కూహ్మో అడవుల్లో వేట బృందానికి తోళ్ళు ఒలిచేది మా నాన్న చెల్లెలు తైమి అత్తే. ఆ పని మీద వచ్చిన డబ్బుతోనే నన్ను ఔలు నగరానికి పంపి చదివించింది. మా ఇంట్లో పట్టా తెచ్చుకున్న మొదటిదాన్ని నేను. కొంతకాలంగా ఆమె చూపు నడుమ మసక కమ్మింది. నిరుడు ఒలిచిన మూస్ దుప్పి తోళ్ళకు చిల్లులు పడ్డాయి. ఈసారీ పడితే పని వేరేవాళ్ళకు అప్పగించక తప్పదని బృందం పెద్ద రెయ్యో నొచ్చుకుంటూనే చెప్పాడు. అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇద్దరం కమ్మరి ఒయివా దగ్గరికి వెళ్ళాం. ఆయన మూడు కత్తులు, ఒక పచ్చితోలు బల్ల మీద పెట్టాడు. మొదటిది అంచు పైన రెండు వైపులా గుంట తీసినది. క్షవరం కత్తిలా కోసింది. కానీ అంత పలచటి అంచు ఎముకకు తగిలితే పెచ్చు లేస్తుందని ఆయనే పక్కన పెట్టేశాడు. రెండోది చేప కడుపులా ఉబ్బిన అంచు. ఎక్కడా గుచ్చుకోకుండా తోలు కింద జారిపోయింది. ఇదే తీసుకుందామన్నాను. అత్త దాన్ని సానరాయి మీద అటూ ఇటూ ఒరిగించి చూసింది.

"బాగుందే. కానీ రాయికి ఎక్కడ ఆనిందో నా చేతికి తెలియట్లేదు. పదును పోయినప్పుడల్లా నిన్ను పిలవాలా?"

"పిలిస్తే వస్తాను కదత్తా."

"నువ్వొచ్చి కాఫీ తాగేలోపు చచ్చిన దుప్పి లేచి వెళ్ళిపోతుంది."

మూడోది మా ప్రాంతపు పాత పద్ధతి. వెడల్పాటి చదును వాలు, నేరుగా అంచు దాకా. రాయి మీద పెట్టగానే వాలంతా ఆనుకుంది. కళ్ళు మూసుకున్నా కోణం తప్పదు. అత్త ముఖం తేటపడింది. తీరా తోలు మీద పెడితే సూదిమొన కిందికి దిగబడింది. నిరుటి చిల్లులూ అలా పడ్డవే.

ఒయివా ఆమె చూపుడు వేలిని కత్తి వీపు మీద పెట్టించి, ఒలిచేటప్పుడు వేలు ఎక్కడిదాకా ఆనుతుందో చూసి సుద్దతో గీత గీశాడు.

"వాలు ఇదే ఉంచుతాను. ఈ గీత అవతల మొన గుండ్రంగా అరగదీస్తాను."

మా దగ్గర మొన తీసేసిన కత్తి పసిపిల్లలకు ఇస్తారు.

"ఊరంతా నవ్వుతుందయ్యా," అంది అత్త.

"నవ్వితే నన్ను చూసి నవ్వమను. చేసింది నేనని చెప్పు."

పిల్లల కత్తుల మీద ఆయన ఎన్నడూ తన ముద్ర కొట్టలేదు. దీని మీద అందరికీ కనబడేలా కొట్టాడు.

శనివారం కొట్టంలోకి తొలి దుప్పి దిగింది. ఎవరో కత్తి చూసి ఇకిలించబోయి, ముద్ర చూసి ఊరుకున్నారు. అత్త నెమ్మదిగా ఒలిచింది, నడుమ రెండుసార్లు తనే సాన పట్టుకుంది. రెయ్యో తోలును తలుపు దగ్గర వెలుగుకు ఎత్తి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాడు. ఒక్క చిల్లు లేదు. రెండో దుప్పినీ ఆమె ముందే దించమన్నాడు. కొక్కెం అందిస్తూ నేను కళ్ళు తుడుచుకున్నాను.

ఒయివా ఆ చలికాలం దాటలేదు. అత్త ఇప్పటికీ ఒలుస్తోంది. ఒకరి చేతిలో పని జారిపోకుండా ఇంకొకరు కాచుకున్న మాట మీరెక్కడైనా వింటే, కమ్మరి ఒయివా కెంపైనెన్‌ను కూడా ఒకసారి తలచుకోండి.